గప్‌చుప్ మాస్టారి వెబ్‌సైటు

విగ్గులు చేసేవాడికి మంచి చెయ్యి ఒక్కటే ఉంటే సరిపోదు, నోటి మీద అదుపు కూడా ఉండాలి. గప్‌చుప్ మాస్టారికి రెండూ ఉన్నాయి గానీ, వీధి ఆయనకి పేరు పెట్టింది మాత్రం రెండోదాన్ని చూసే. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఒకే వీధిలో, ఒకే దుకాణంలో, ఒకే కుర్చీలో కూర్చుని విగ్గులు కుడుతున్నాడు. ఊళ్లో ఎన్ని తలల మీద ఆయన పనితనం తిరుగుతోందో ఆయనొక్కడికే తెలుసు. మీరో నేనో వెళ్లి అడిగామనుకోండి, కూర్చోబెట్టి టీ ఇస్తాడు, వాతావరణం గురించి మాట్లాడి పంపేస్తాడు.

దుకాణానికి ముందు తలుపు లేకపోలేదు. అది పోస్టు తెచ్చేవాడికీ, దారి అడిగేవాళ్లకీ. అసలు వ్యవహారమంతా వెనక సందులోంచి. లోపల రెండు చిన్న గదులు, మధ్యలో మందపాటి తెర. ఒకళ్లు వెళ్లాక నలభై నిమిషాలు గడిస్తే గానీ రెండోవాళ్లని రమ్మనడు. తల కొలతలు అట్టముక్కల మీద రాసుకుంటాడు. పేరు ఉండాల్సిన చోట ఒక అంకె ఉంటుంది. ఆ అంకె ఎవరిదో ఆయన బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు.

"రేపు మీకేమైనా అయితే ఈ తలలన్నీ ఎవరివని నేను వెతుక్కోను?" అని భార్య సాధిస్తుంది.

"వెతక్కూడదనేగా అలా రాసింది" అంటాడు ఆయన.

వీధిలో ఎవరినీ తనంతట తను పలకరించడు. ఎదుటివాళ్లు నవ్వితే నవ్వుతాడు, లేకపోతే కరెంటు స్తంభాన్ని దాటినట్టు దాటిపోతాడు. విగ్గులాయన ఫలానా మనిషిని చూసి నవ్వాడంటే, ఆ ఫలానా మనిషి తల వంక నలుగురూ చూస్తారు కదా. ఈ సంగతి తెలియని భార్యకి పెళ్లిళ్లలో తలకొట్టేసినట్టు ఉండేది. "మీ ఆయనకి ఎందుకమ్మా అంత పొగరు?" అని ఆవిడ చెవిలో వేసేవాళ్లలో సగంమంది వెనక సందులోంచి వచ్చేవాళ్లేనని పాపం ఆవిడకేం తెలుసు.

ఇంత గుట్టుగా బతికే మనిషికి భగవంతుడు ఒక బావమరిదిని ఇచ్చాడు. భార్యకి తమ్ముడు, దుకాణాలకి బోర్డులు రాస్తాడు. మంచివాడు, పనిమంతుడు, కానీ నోట్లో నువ్వుగింజ నానదు. ఒకరోజు వచ్చి, "బావా, ఇప్పుడు ఎవరూ సందులు వెతుక్కుంటూ రావడం లేదు. అందరూ ఫోన్లోనే చూసుకుంటున్నారు. నీకో వెబ్‌సైటు పెడతాను" అన్నాడు.

కొత్త తలలు రావడం తగ్గిన మాట నిజమే. మాస్టారు ఒప్పుకున్నాడు. బావమరిది ఒక్క మధ్యాహ్నంలో, డబ్బులు తీసుకోకుండా చోటిచ్చే ఒక కంపెనీలో పేజీ పెట్టేశాడు. దుకాణం వేళలు, ఫోను నంబరు, వెనక సందుకి దారి చూపే మ్యాపు. ఊరుకున్నాడా? వంకులు తిరిగిన అక్షరాలు పెట్టాడు. పంచుకోండి అంటూ నాలుగు రంగుల గుండీలు పెట్టాడు. విగ్గు వేసుకున్న సంగతి నలుగురితో పంచుకునే మహానుభావుడు ఎవడుంటాడో అని ఆలోచించలేదు. అట్టడుగున ఒక మీటరు: 'మీరు మా 412వ అతిథి'. ఆ మీటరంటే బావమరిదికి ప్రాణం. నాలుగొందల్లో మూడొందల చిల్లర మాస్టారేనని తర్వాత తేలింది. పేజీ ఇంకా అక్కడే ఉందో, ఎవరైనా ఎత్తుకెళ్లారో అని ఆయన గంటకోసారి తీసి చూసుకునేవాడు.

మూడో వారంలో డ్యాన్సు టీచరు ఫోను చేసింది.

ఈ డ్యాన్సు టీచరు గురించి కాస్త చెప్పాలి. ఆరేళ్ల కిందట ఒక పెద్ద జ్వరం వచ్చి ఆవిడ జుట్టంతా తీసుకుపోయింది, తిరిగి రాలేదు. మొగుడికి తెలుసు. పైఊళ్లో ఉండే అత్తగారికి తెలియదు. ఏడాది తర్వాత ఆ అత్తగారు వీళ్లింటికే వచ్చేసింది, అప్పటికి తలనిండా మాస్టారి జుట్టే. ఎగరాలి, దూకాలి, గిర్రున తిరగాలి, జడ ఊగాలి, అంచు మాత్రం కదలకూడదు. మాస్టారు మూడుసార్లు చేసి మూడుసార్లూ విప్పేసి, నాలుగోసారి సాధించాడు. జీవితంలో తను చేసిన వాటిలో అంత మంచిది ఇంకొకటి లేదని ఆయనకి తెలుసు. దాని అడుగున ఉండే వలని రెండు నెలలకోసారి బిగించాలి, అంతే.

"మాస్టారూ, మీ కొత్త వేళలేంటో చూద్దామని మీ వెబ్‌సైటు తీశానండీ" అంది ఆవిడ. "మా వంటింట్లో టాబ్ ఉంటుంది, మా అత్తయ్య సీరియళ్లు చూస్తుంది. నిన్నటి నుంచీ దాంట్లో ఏం తీసినా విగ్గుల ప్రకటనలే. పొట్టివి, పొడుగువి, రింగులవి! ఆవిడ టాబ్ ఠక్కున మూసేసి నా తల వంక ఒక చూపు చూసింది."

"మీరు ఆ టాబ్‌లో చూశారామ్మా?"

"లేదండీ, నా ఫోన్లోనే. ఇంట్లో నెట్టు ఒకటేగా, దాన్ని పట్టుకుని ప్రకటనలవాళ్లు ఇంట్లో ఉన్నవాటన్నిటినీ చుట్టేశారు. ఇంక నేను రాను మాస్టారూ. ఆ సందులో ఎవరైనా చూశారంటే మిగిలిన కాస్త గుట్టూ రట్టవుతుంది."

"మరి బిగింపో? పిల్లల ప్రదర్శన ఉందన్నారు."

"ఏడు వారాలుంది. గమ్ముతో అంటించుకుంటాను" అని పెట్టేసింది.

గమ్ము సంగతి మాస్టారికి తెలుసు. చెమట పట్టిందా, పది నిమిషాలు ఆగదు. మూడొందల మంది తల్లిదండ్రులు, ఎదుట వరసలో అత్తగారు, స్టేజీ మీద గిర్రున తిరుగుతున్న టీచరు. ఆ తర్వాత ఏం జరుగుతుందో ఊహించుకుని ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

బావమరిదిని పిలిపించాడు. "నా పేజీ చూసినవాళ్ల సంగతి ఎవడు ఎవడికి చెప్పాడు?"

బావమరిది తల గోక్కున్నాడు. "ఊరికే చోటిస్తున్నారు కదా బావా, వాళ్లకీ ఏదో గిట్టుబాటు ఉండాలిగా. ఎవరొచ్చారు, ఏం చూశారు అన్నది ప్రకటనలవాళ్లకి అందిస్తారు. అందరూ చేసేదే."

"అంటే నా వెనక తలుపు దగ్గర ఎవడో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆ కుర్చీ నేనే వేశాను."

పేజీని అప్పటికప్పుడు తీయించేశాడు. కానీ తీసేస్తే సరిపోతుందా? బాగుచేశానని టీచరుకి తెలియాలి కదా. ఫోను చేసి చెప్పొచ్చుగా అని మీరనొచ్చు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆయన ఒక్క ఖాతాదారుకీ తనంతట తను ఫోను చేసి ఎరగడు. అవతల ఎవరు ఎత్తుతారో ఏమో. ఇప్పుడు అత్తగారే ఎత్తితే? కాబట్టి ఆవిడకి కబురు అందే దారి ఒకటే. కొత్త చోట, నమ్మకమైన చోట, పేజీ మళ్లీ పెట్టాలి. ఆవిడ మళ్లీ ఒకసారి చూడాలి.

చోటిచ్చేవాళ్లని ఎంచుకోవడం మాస్టారికి తెలిసిన విద్యే. వెంట్రుకలు కుట్టడానికి మనిషిని పెట్టుకోవాల్సి వచ్చినప్పుడల్లా ఆయన అడిగేది ఒకటే ప్రశ్న: "ఇంతకుముందు పనిచేసిన చోట ఎవరెవరు వచ్చేవాళ్లు?" పేర్లు, ఊళ్లు, బట్టతల వైశాల్యంతో సహా వర్ణించినవాళ్లకి టీ ఇచ్చి పంపేసేవాడు. "ఎవరో వచ్చేవాళ్లండీ" అన్నవాళ్లకి స్టూలు వేసేవాడు. ఇన్నేళ్లలో స్టూలు దాకా వచ్చినవాళ్లు ఇద్దరే.

మొదటి కంపెనీ వాడు ఫోనెత్తడమే పెళ్లివారిని పలకరించినట్టు పలకరించాడు. మాస్టారు తన ప్రశ్న కాస్త మార్చి వేశాడు: "మా వీధిలో టైలరు మీ దగ్గరే సైటు పెట్టాడట. ఆయనకి ఎంతమంది వస్తున్నారేంటి?"

"ఓ, ఆయనా! నిన్న ఎనభై మూడు సార్! ఎక్కువమంది ఆడవాళ్లే. మీకైతే ఇంకా వివరంగా ఇస్తాం. ఏ పేట నుంచి వచ్చారు, ఏ ఫోను, అంతకుముందు ఏం చూశారు, మీ పేజీలో ఏ బొమ్మ దగ్గర ఎంతసేపు ఆగారు, అన్నీ!"

పక్కనే చెవి ఆనించి వింటున్న బావమరిది కళ్లు మెరిశాయి. మాస్టారు మర్యాదగా పెట్టేశాడు. ఫోనులో టీ ఇచ్చే సౌకర్యం ఉంటే ఇచ్చేవాడే.

రెండో కంపెనీ పేజీ పైన 'మీ గోప్యతే మా ఊపిరి' అని ఇంతింత అక్షరాలతో రాసుకుంది. ఊపిరి మీద ప్రమాణం చేసేవాళ్లంటే మాస్టారికి అనుమానం. వాళ్ల షరతులన్నీ ప్రింటు తీయించాడు, నలభై ఆరు పేజీలు. వెంట్రుకలు కుట్టేటప్పుడు పెట్టుకునే భూతద్దం పెట్టుకుని రెండు రోజులు కూర్చుని చదివాడు. ఆ షరతులు రాసినవాడు కూడా అంత శ్రద్ధగా చదివి ఉండడు. ముప్ఫై ఒకటో పేజీలో చిన్న అక్షరాల్లో దొరికింది: సమాచారాన్ని మా భాగస్వాములతో పంచుకోవచ్చును.

"ఎంతమంది భాగస్వాములండీ?" అని ఫోను చేసి అడిగాడు.

"ఏడొందల పైచిలుకు సార్. అందరూ నమ్మకస్తులే."

"మా ఇంట్లో ఉన్నది ఇద్దరం. మా ఆవిడకే నేనేం చెప్పను" అన్నాడు మాస్టారు.

ఇలా పది రోజులు గడిచాయి. ఇంకా అయిదున్నర వారాలు. భార్య ఆయన వాలకం చూసి, "ఆడపిల్లకి సంబంధం చూస్తున్నట్టు ఈ గాలింపేంటండీ, ఏదో ఒకటి ఖాయం చెయ్యండి" అంది. ఆయనకి ఒళ్లు మండింది గానీ ఎందుకు తొందరగా ఖాయం చేయలేకపోతున్నాడో ఆవిడకి చెప్పే వీలు లేదు. తనలో తనే ఉడికిపోయాడు.

మూడోది ఇద్దరు మనుషులు నడుపుకునే చిన్న సంస్థ. ఒకావిడ ఫోనెత్తింది, నిన్నటి నుంచి ఎవరితోనూ మాట్లాడనట్టు ముక్తసరిగా.

"మా టైలరు సైటు మీ దగ్గరే ఉందటగా?" అన్నాడు మాస్టారు.

"చెప్పమండీ."

"ఎంతమంది వస్తున్నారో వద్దులెండి. అసలు ఉందో లేదో చెప్పండి చాలు."

"ఉందో లేదో కూడా చెప్పమండీ."

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. "మరి నా పేజీకి ఎవరొస్తారో మీరు రాసుకుంటారా?"

"యంత్రం మొరాయిస్తే చూసుకోవడానికి ఒక్కరోజుది ఉంటుంది. అందులోనూ ఎవరన్నది తెలియకుండా వాళ్ల నెట్టు చిరునామా సగం కొట్టేస్తాం. మర్నాటికి అదీ ఉండదు."

"పోలీసులొచ్చి అడిగితే?"

"సరైన కాయితం తెస్తే ఉన్నది ఇస్తాం. అంతకన్నా లేనిది ఎక్కడినుంచి తెచ్చిస్తాం?"

దాచడం కాదు, అసలు దగ్గర పెట్టుకోకపోవడం. ఈవిడ తన కులానికి చెందిన మనిషే అనుకున్నాడు మాస్టారు. పేరు కూడా అడగలేదావిడ. ఒక ఈమెయిలు ఉంటే చాలంది. అక్కడితో అయిపోలేదు. పాత పేజీ పంపమని, చూసి తిరిగి ఫోను చేసింది.

"మీరు ఇల్లు మారినా సామాన్లన్నీ పాతవే తెస్తున్నారండీ. మ్యాపు ఇంకో కంపెనీది. ఆ వంకర అక్షరాలు ఇంకోళ్ల దగ్గర్నుంచి వస్తున్నాయి. గుండీలు నాలుగూ నలుగురివి. అడుగున మీటరు ఎవరిదో నాకే తెలియలేదు. మీ పేజీ తెరిచినప్పుడల్లా వీళ్లందరికీ కబురెళ్తుంది. ఇవన్నీ ఉంచుకుని మా దగ్గరికి వస్తే ఉపయోగం లేదు."

బావమరిది గుండీలు వదులుకున్నాడు. అక్షరాలు వదులుకున్నాడు. మ్యాపు బదులు సందుకి దారి తన చేత్తోనే బొమ్మ గీశాడు, అది నిజానికి మ్యాపు కన్నా బాగా వచ్చింది. మీటరు దగ్గర మాత్రం మొండికేశాడు.

"ఎంతమంది వస్తున్నారో తెలియకపోతే ఇంక సైటు ఎందుకు బావా?"

"వచ్చేవాళ్ల కోసంరా."

ఏడుపొక్కటే తక్కువగా మీటరు పీకేశాడు. మిగిలింది తెల్లటి పేజీ మీద వేళలు, నంబరు, దారి బొమ్మ. వాటి కింద మాస్టారు అరపూట ఆలోచించి ఒక్క వాక్యం రాయించాడు: 'మునుపు ఈ పేజీ వల్ల ఇబ్బంది పడినవారు క్షమించాలి. ఇప్పుడిది మిమ్మల్ని చూడదు, గుర్తుపెట్టుకోదు, ఎవరికీ చెప్పదు.'

ఇక అప్పుడు మొదలైంది అసలు బాధ. పేజీ ఎవరికీ చెప్పనంది, మాస్టారికీ చెప్పలేదు. టీచరు చూసిందా, లేదా? అసలు ఎవరైనా చూస్తున్నారా? ఒక వారం అయింది. రెండు వారాలయ్యాయి. పట్టుబట్టి వెతికి తెచ్చుకున్న మౌనం ఇప్పుడు ఆయన్నే పట్టుకుని పీడించింది. ఉండబట్టలేక ఆ సంస్థ ఆవిడకి ఫోను చేశాడు.

"ఎంతమంది చూసి ఉంటారండీ?"

"తెలియదండీ."

"పోనీ, సుమారుగా?"

"సుమారుగా కూడా తెలియదండీ" అని, "మీరు అడిగిందే ఇది" అంది.

నిజమేనని ఒప్పుకుని ఫోను పెట్టేశాడు. ఆ వారమంతా ఆయన కుట్టిన వరసలు వంకర పోయాయి, విప్పి మళ్లీ కుట్టాడు. ఒకటి రెండుసార్లు నంబరు నొక్కి, మోగకముందే ఆపేశాడు. తన నియమం మీద తనకే విసుగొచ్చింది గానీ వదలలేదు.

ప్రదర్శనకి తొమ్మిది రోజులు ఉందనగా టీచరు స్కూలు నుంచి ఫోను చేసింది. మంగళవారం సాయంత్రం వెనక సందులోంచి వచ్చింది. విగ్గు తీసి మాస్టారి చేతిలో పెట్టింది. వలంతా గమ్ము గట్టిపడి, ఒక అంచు చిరిగి ఉంది.

"మీ పేజీ రోజూ చూస్తున్నానండీ, నెల రోజులుగా" అందావిడ. "కావాలనే ఇంట్లో కూర్చుని చూశాను. ఒక్క ప్రకటన కూడా రాలేదు. అయితే మా అత్తయ్య ఆ రోజు నుంచీ అదోలా ఉంది. నేను వంటింట్లోకి వెళ్తే టాబ్ మూసేస్తుంది. నాకేసి సరిగ్గా చూడదు. ఆవిడకి తెలిసిపోయిందంటారా?"

"నాకేం తెలుస్తుందమ్మా" అన్నాడు మాస్టారు. ఆ మాట ఆయన ఎప్పుడూ అనేదే. ఈసారి అది నిజం కూడా.

అప్పటిదాకా నెట్టుకురావడానికి ఆవిడకి వేరే విగ్గొకటి ఇచ్చి పంపి, ఆ వారం రోజులూ వేరే పని ముట్టకుండా వల మొత్తం మార్చి కుట్టాడు. ప్రదర్శన మర్నాడు ఫోను మోగింది. "కదల్లేదండీ మాస్టారూ! ఒక్క పిసరు కూడా!" అని ఆవిడ నవ్వుతూ ఏడ్చింది. ఆయన "మంచిది తల్లీ" అన్నాడు గానీ, పెట్టేశాక కాసేపు తెర వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. కంట్లో ఏం పడిందని భార్య అడిగితే వెంట్రుక అన్నాడు.

మూడు వారాల తర్వాత వెనక తలుపు ఎవరో మెల్లగా తట్టారు. అరవై దాటిన ఆవిడ, తలకి గుడ్డ బిగించి కట్టుకుంది. కొత్త మనిషి. కూర్చున్నాక కూడా సంచీ ఒళ్లోంచి దించలేదు.

"మీ సైటు చూసి వచ్చాను" అంది. "ఎవరికీ చెప్పదని రాశారు, నిజమేనా?"

"నిజమేనమ్మా."

"నా జుట్టు రెండేళ్లుగా కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతోంది బాబూ. గుడ్డ కట్టుకుని నెట్టుకొస్తున్నాను. రెండున్నర నెలల కిందట ఉండబట్టలేక మా వంటింటి టాబ్‌లో మీ పాత పేజీ తెరిచాను. అంతే, మర్నాటి నుంచీ ఏం తీసినా విగ్గులే! నా పరువు పోయిందనుకున్నాను. కోడలు అప్పుడే వంటింట్లోకి వచ్చింది. చూసేసిందేమోనని ఠక్కున మూసేశాను. నా కర్మ, దాని తల వంకే నా చూపు పోయింది. అప్పట్నుంచీ దానికి మొహం చూపించలేకపోతున్నాను. అదీ నన్ను తప్పించుకుని తిరుగుతోంది."

మాస్టారి చేతిలో కొలతటేపు ఆగిపోయింది.

ఒకే ఇల్లు, ఒకే టాబ్, ఒకే గోడకి చెరోవైపు ఇద్దరు ఆడవాళ్లు ఒకళ్లని చూసి ఒకళ్లు భయపడి చస్తున్నారు. ఒక్క మాట చెబితే ఇద్దరి బరువూ దిగిపోతుంది. ఆ ఒక్క మాటా ఈ భూమ్మీద తనకి మాత్రమే తెలుసు.

"మళ్లీ ఎప్పుడు రమ్మంటారు? మంగళవారం నాలుగింటికి వీలవుతుంది నాకు" అందావిడ.

మంగళవారం నాలుగింటికి టీచరు వస్తుంది, కొత్త వల ఎలా కూర్చుందో చూపించుకోవడానికి. 'సరే' అంటే చాలు. తను ఏమీ చెప్పినట్టు కాదు. నలభై నిమిషాల సంగతి ఒక్కసారి మర్చిపోయినట్టు ఉంటుంది. సందులో ఇద్దరూ ఎదురుపడతారు, బిక్కచచ్చిపోతారు, తర్వాత బహుశా నవ్వుకుంటారు. బహుశా. ఆ బహుశా దగ్గర ఆయన ఆగిపోయాడు. ఆ గుట్టు తనది కాదు, వాళ్లది. పందెం కాసే హక్కు తనకి లేదు. ముప్ఫై ఒక్క ఏళ్లలో మొదటిసారి తన వృత్తి మీద ఆయనకి నిజంగా కోపం వచ్చింది.

"మంగళవారం కుదరదమ్మా" అన్నాడు. "గురువారం రండి."

గుడ్డ విప్పించి కొలతలు తీయడం మొదలుపెట్టాడు. చుట్టుకొలత అయింది. నుదుటి నుంచి మెడ దాకా అయింది. అయినా మనసు ఊరుకోలేదు.

"మీ కోడలికి మీరే చెప్పి చూడరాదూ?" అన్నాడు, టేపు వంకే చూస్తూ.

"దానికా!" ఆవిడ నవ్వింది, నవ్వులో ఏడుపుంది. "దాని జుట్టు మీరు చూడలేదు కాబట్టి అంటున్నారు. డ్యాన్సు నేర్పుతుంది బాబూ. మొన్న స్టేజీ మీద చూశాను. ఎగిరింది, దూకింది, బొంగరంలా తిరిగింది, ఒక్క వెంట్రుక చెదిరితే ఒట్టు! అంత జుట్టున్న పిల్లకి నా బాధ ఏం అర్థమవుతుంది? ఏమనుకోకండి గానీ, అలాంటిది పుట్టుకతో రావాలి, చేత్తో చేసేది కాదు. అందులో సగం వచ్చినా చాలు నాకు. చెయ్యగలరా?"

మాస్టారు చెవి నుంచి చెవి దాకా టేపు పట్టాడు. అంకె మసకగా కనబడితే కళ్లు తుడుచుకుని మళ్లీ చదువుకున్నాడు.

"ప్రయత్నిస్తానమ్మా" అన్నాడు.